ప్లాస్టర్ల డబ్బా

గడియారాన్ని గంట ముందుకు తిప్పమన్నారు, తిప్పాం.
పిల్లల కళ్ళకి మాత్రం ఆ కబురు ఎవరూ చేరవేయలేదు.
రాత్రి ఎనిమిదైనా కిటికీలో వెలుగుంటే
పడుకోమనడం నాదే తప్పట.
పొద్దున్నే మళ్ళీ సూర్యుడితో పందెం కట్టినట్టు
స్మైదా వచ్చి నా కనురెప్ప వేలితో ఎత్తి చూస్తుంది.
"అమ్మా, లోపల ఉన్నావా?"

ఉన్నాను.

సేసిస్ ఊరి అవతల మా వాకిలంతా ఇప్పుడు బురద.
నవంబరు నించీ తెల్లగా, పరువుగా ఉన్న నేల
వారం రోజుల్లో తన గుట్టంతా బయట పెట్టుకుంది:
వంగిన చెంచా ఒకటి,
కుక్క దాచుకుని మరిచిపోయిన ఎముక,
క్రిస్మస్ ముందు పోయిన ఉల్దిస్ ఎర్ర చేతితొడుగు.
వాడు దాన్ని పిండి, తొడుక్కోబోయి,
బొటనవేలి దగ్గరే ఆగిపోయి
"తడికి కుంచించుకుపోయింది" అన్నాడు.
అంతే అయ్యుంటుందిలే అన్నాను.

ఐగర్స్ లారీకి మంచు తోసే బ్లేడు విప్పేశాడు.
ఇక జూన్ దాకా రోడ్డు గుంతలు పూడ్చే పని.
సాయంత్రం మనిషి కంటే ముందు తారు వాసన వస్తుంది,
పిల్లలు ఆ వాసనకే ఎదురు పరిగెడతారు.
రాత్రిళ్ళు పొయ్యి చుట్టూ ఎనిమిది బూట్లు
ముసలమ్మల్లా కూర్చుని చలి కాచుకుంటాయి.
ఎనిమిది కాదు, ఏడే.
కంచె దగ్గర స్మైదా కాలు ఇవతలికి వచ్చింది గానీ
బూటు రానంది.

ఆదివారం బర్చ్ చెట్ల నీరు పట్టాం.
ఐగర్స్ బర్మాతో చిన్న కన్నం పెట్టి, గొట్టం దోపి,
కింద గాజు సీసా ఆనించాడు.
మొదటి చుక్క బాగా ఆలోచించుకుని గానీ పడలేదు.
తర్వాత ఇక ఆగలేదు.
ఉల్దిస్ చుక్కలు లెక్కపెడుతూ
నూట పన్నెండు దాకా వెళ్ళి, ఎందుకో మళ్ళీ తొంభైకి వచ్చాడు.
స్మైదా మానుకి చెవి ఆనించింది.

"ఏడుస్తోందా?"

"కాదే, తాగుతోంది.
వేళ్ళతో తాగి కొమ్మలకి పట్టిస్తోంది.
అందులోంచి మనకి ఇంత."

"అడిగారా?"

ఐగర్స్ నా వైపు చూశాడు.
నేను సీసా మూత కోసం వెతికాను.

రుచి అంటే ఏముంది, నీళ్ళే.
ఎప్పుడో తిన్న తీపి లీలగా గుర్తొచ్చిన నీళ్ళు.
సీసాకి నాలుగు ఎండుద్రాక్షలు వేసి
నేలమాళిగలో వరసగా పెట్టాం.
ఎండలు ముదిరేసరికి మూత తీస్తే బుస్సుమంటాయి.

మంగళవారం బ్రెడ్డు కోస్తూ వేలు కోసుకున్నాను.
మందుల అరలో ప్లాస్టర్ల డబ్బా తీస్తే ఖాళీ.
ఏనుగు బొమ్మలవి, కొని నాలుగు రోజులు కాలేదు,
పన్నెండింటిలో ఒక్కటీ లేదు.
వేలికి గిన్నెలు తుడిచే గుడ్డ చుట్టుకుని కేకేశాను.
ఉల్దిస్ గంజిలోంచి తలెత్తకుండా
"చెట్టుకి కావాల్సొచ్చింది" అన్నాడు.

అరవడానికే బయటికి వెళ్ళాను.
ఆ మాట ఒప్పుకోవాలి.

తెల్లటి మాను మీద ఏనుగులు.
కన్నానికి జానెడు కిందే ఆగిపోయాయి,
మూడేళ్ళ చెయ్యి అందేది అక్కడిదాకానే.
పైన గొట్టం తన మానాన తాను కారుతూనే ఉంది,
తడికి సగం ఏనుగులు జారి గడ్డిలో పడ్డాయి,
ఒకటి మాత్రం ఒంటి కొసన వేలాడుతోంది.
కరెంటు స్తంభం మీద నిన్ననే దిగిన కొంగ
ముక్కు టకటకలాడిస్తూ
పాత గూటికి కొత్త పుల్లలు సర్దుకుంటోంది.

వేలాడేదాన్ని పైకి లాగి,
బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను, అంటుకునేదాకా.
గుడ్డ తడిసి నా రక్తం కొంచెం ఏనుగు చెవికి అంటింది.

"ఊదావా?"
వెనకాల స్మైదా,
ఒక కాలికి బూటు, ఒక కాలికి వాళ్ళ నాన్న మేజోడు.

దేనికి ఊదాలో చెప్పలేదు.
చెట్టుకీ వేలికీ కలిపి ఊదాను.
లోపల్నించి గంజి మాడుతున్న వాసన వస్తోంది.