వేరు కుంపటి

పేపర్లో రాశారు, మేం వేరు కుంపటి పెట్టుకున్నామని.
కుంపటి ఎక్కడిది?
పదకొండు రోజులు టీ కింద కొట్టునుంచే తెప్పించుకున్నాం,
జ్ఞానాపురంలో, మూసేసిన సైకిల్ షాపు మీది గదిలో,
ఇరవై ఇద్దరం, తొమ్మిది కుర్చీలు.
కిటికీ తెరిస్తే బొగ్గుపొడి, మూస్తే ఉక్కపోత.

స్టవ్వు అల్లిపురం ఆఫీసులో ఉండిపోయింది.
దానికి వత్తులు మార్చింది నేనే.
ఎడమవైపుకి కొంచెం వంచితేగాని వెలగదని
వాళ్లలో ఎవరికీ తెలీదు.
చెప్పి రావాల్సింది.

ఆ రాత్రి చేతులు లెక్కపెట్టిందీ నేనే.
ముప్పై ఒకటి, ఇరవై రెండు.
అసిరినాయుడు చెయ్యి ఎత్తలేదు, దించలేదు,
మోచెయ్యి బల్లకానించి వేళ్లు మాత్రం తెరిచాడు.
ఎటు వెయ్యాలో తోచక
రిజిస్టర్లో ఒక చుక్క పెట్టాను.
ఇప్పుడా చుక్క కోర్టులో ఉంది.

తగువు దేనికి మావయ్యా అన్నాడు మా చెల్లెలి కొడుకు.
పోర్టు జెట్టీల తీర్మానంలో
'వ్యతిరేకిస్తున్నాం' అంటే సరిపోతుందా,
'తీవ్రంగా' అని చేర్చాలా, అక్కడ మొదలైందిరా అన్నాను.
వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.
నేనూ నవ్వేవాణ్ణే,
ఇరవయ్యేళ్లు నా స్కూటర్ వెనక కూర్చున్న దాలయ్య
కాన్వెంట్ జంక్షన్లో నన్ను చూసి
రాని బస్సుకోసం అటు తిరిగి నిలబడకపోయుంటే.

పంపకాలు మూడు రోజులు.
బీరువా వాళ్లకి, తాళంచెవి మా జేబులో.
మైకు మాకు, దాని పెట్టె వాళ్లకి.
జెండాగుడ్డ తానుని పూర్ణా మార్కెట్ టైలరు
కొలిచి, ఊపిరి బిగబట్టి కోశాడు.
ఆఖర్న గోడమీద వాసుపల్లి ఎర్రయ్య ఫొటో,
హార్బర్ సమ్మెలో పోయిన మనిషి.
బతికుంటే మావైపే ఉండేవాడన్నారు వాళ్లు.
అదే మాట మేమూ అన్నాం, ఇంకాస్త గట్టిగా.

ఎవరు చెప్పారో, పోలమ్మ వచ్చింది.
కుర్చీ వేస్తే కూచోలేదు.
గంప గుమ్మంలో దించి, బల్లెక్కి, తనే మేకునుంచి తీసింది.
కొంగుతో తుడిస్తే కొంగంతా ఎర్రటి ఖనిజం దుమ్ము.
"ఉన్నన్నాళ్లూ ఇంటికి రానిచ్చారేటి మీరు?
ఇప్పుడట్టుకుపోతాన్నేను."
గంపలో చందువాల మీద గోనె పరిచి
దానిమీద ఆయన్ని వెల్లకిలా పెట్టుకుని
మెట్లు దిగిపోయింది.
యాభై ముగ్గురం. ఒక్కడూ నోరు విప్పలేదు.
మా చరిత్రలో ఏకగ్రీవం అదొక్కటే.

నిన్న రాత్రి ఫోను మోగింది.
హలో లేదు, కామ్రేడూ లేదు.
"ఆ స్టవ్వు ఎలా వెలిగించేవాడివి?"
గొంతు దాలయ్యది.
"ఎడమవైపుకి వంచు."
"ఎంత?"
"కొంచెం చాలు. మరీ తీవ్రంగా వద్దు."

అటునుంచి ఏదో శబ్దం.
నవ్వాడో, కిరసనాయిలు పొగకి దగ్గాడో,
సరిగ్గా అప్పుడే పోర్టు సైరన్ మోగి
నాకు వినపడలేదు.