బట్ట మీది మాట

మా రొట్టెల బండికి పైకప్పు
నిరుడు యూనివర్సిటీ గేటు కాడ కట్టిన ఫ్లెక్సీ.
గాలిదుమారానికి తెగి మోరీల పడితే
కడిగి తెచ్చి కట్టుకున్న.
రాయచూరు రోడ్డు మీద ఎంత వానొచ్చినా
నా పొయ్యి ఆరది.
తలెత్తి చూస్తే నీమా మొఖం,
పట్టుచీర, బొట్టు, చేతిల బతుకమ్మ.
పక్కకు "అంతర్జాతీయ విద్యా" వరకే ఉన్నది,
మిగిలిన అక్షరాలు మోరీలనే ఉండిపోయినయ్.

మొదటిసారి వచ్చిననాడు
నోరు తెరిచి చూసిన, అబద్ధమెందుకు.
నా బిడ్డ కావేరి పోయి
అడగకుంటనే ఆమె జడలు ముట్టుకున్నది.
పిల్ల ఊకున్నది.
ఊకునుడు ఆమెకు ఈడికొచ్చినంకనే అలవాటయ్యిందని
తర్వాత తెలిసింది నాకు.

రొట్టె తుంచి నోట్లె పెట్టుకొని
"మ్తామా" అన్నది.
తిట్టిందనుకున్న.
పిండి పక్కన సంచిలకెల్లి జొన్నలు
పిడికెడు తీసి అరచేతిల పోసుకొని
మళ్ళ అన్నది: మ్తామా.
వాళ్ళమ్మ గూడ గట్క కెలుకుతదట.
దొడోమా దగ్గర వాళ్ళ ఊరట,
వానకు మొఖం వాసిన నేలట.
ఆఫ్రికా అంటే టీవీల సింహాలే అనుకునేదాన్ని,
అక్కడ గూడ జొన్నకు పిట్టలను తోలే పిల్లలున్నరని
ఎవరు చెప్పిండ్రు నాకు?

చదివేది ఫార్మసీ, మాట్లాడేది నా బండి కాడి తెలుగు.
ఆటో ఆయన వంద అడిగితే
"ఏందన్నా, నిన్ననే దిగిన్నా నేను రైలు?" అన్నదట.
స్టాండు స్టాండంత నవ్విందట.
ఆ నవ్వుల ఆమె మనిషయ్యిందా, ఆటయ్యిందా
ఇప్పటికీ తెల్వది నాకు.
ఎందుకంటే అదే వారం
మూడిండ్లల్ల "రూం లేదమ్మా" అన్నరు,
బయట టూలెట్ బోర్డు ఊగుతనే ఉన్నది.
నాలుగో ఇంట్ల కిరాయి రెట్టింపు.
నాలుగో ఇల్లు మా తోడికోడలిది.
పోయి అడిగిన.
అడిగినంక మేం మాట్లాడుకుంటలేం.

ఫ్లెక్సీల చీర సంగతి చెప్పలే కదా.
కాలేజీ వాళ్ళే కట్టిచ్చిండ్రు, పిన్నులు పెట్టిండ్రు,
ఫోటో దిగినంక
చీర వాపస్ తీసుకున్నరు.

మరునాడు మా వాడకట్టుకొచ్చింది
మామూలు గౌనుల, కాళ్ళకు రబ్బరు చెప్పులు.
పాట రాదు. అడుగు తప్పింది.
ముసలోళ్ళు నేర్పబోయిండ్రు,
ఆమె మధ్యల ఇంకో చప్పట్ జొర్రిచ్చింది,
నడుము మీద చెయ్యేసుకొని నవ్వింది,
మా బుచ్చమ్మవ్వ ముందుగాల కొట్టింది ఆ దెబ్బ,
తర్వాత అందరూ.
ఈ యేడు గూడ మా వాడ బతుకమ్మల
ఒక చప్పట్ ఎక్కువ పడ్డది.
చిన్నపిల్లలు అది తాతలనాటిదే అనుకుంటున్నరు.

పోయేనాడు ఒక బట్ట ఇచ్చింది. కాంగా అంటరట.
పసుపు మీద నల్ల జీడిగింజలు,
అంచు పొంటి ఒక మాట అచ్చు కొట్టి ఉన్నది.
ఏందని అడుగుదామనుకున్న,
గప్పుడే ఐదు రొట్టెల గిరాకీ వచ్చింది,
బస్సోడు హారన్ కొట్టిండు.

ఇప్పుడు వేడి రొట్టెలు దాంట్లనే చుడత.
లారీ డ్రైవర్ అది కన్నడం అన్నడు.
కావేరి కూడబలుక్కొని చదివింది,
అక్షరాలు ఇంగ్లీషువి, మాట కాదు.
ఫోనుల కొట్టి చూస్తనంటే
ఉండనియ్యవే అన్న.

గిరాకోళ్ళు అడుగుతరు, ఏం రాసుందక్కా అని.
ఒకనికి "అప్పు లేదు" అని చెప్త.
ఒకామెకు "పెండ్లి తొందర పడకు" అని.
నిన్న మా తోడికోడలు వచ్చింది,
ఏడాదికి మొదటిసారి, రెండు రొట్టెలు కావాలని.
బట్ట దిక్కు చూసింది, ఫ్లెక్సీ దిక్కు చూసింది,
ఏమీ అడగలే.
రొట్టెలు చుట్టి ఇచ్చిన,
పైసలు సరిగ్గ లెక్కబెట్టి తీసుకున్న.