తిరగేసిన ఆవర్జా

న్యూకాజిల్ రేవు, హంటర్ నది సముద్రంలో కలిసేచోట
పాత రికార్డుల గదిలో నాకు ఉద్యోగం.
ఈ వారం నా బల్ల మీదికి
ఎలుకలు కొరికిన ఒక ఆవర్జా వచ్చింది.

డిట్లెవ్ హెగ్‌స్టాడ్, ఓడ సరుకుల వర్తకుడు.
దిగినప్పుడు వర్తకుడు కాడు,
బొగ్గు కోసం ఆగిన నార్వే ఓడ
మళ్ళీ ఎక్కని వడ్రంగి.
పారిపోయాడని కెప్టెన్ రాసుకునే ఉంటాడు.

ముందు పుటల్లో తారు, జనపతాళ్ళు,
ఉప్పు మాంసం పీపాలు, తెరచాప సూదులు.
బాకీ దగ్గర సిరా చిక్కబడుతుంది,
వడ్డీ దగ్గర మొహమాటం లేదు.
భార్య హనోరా పేర ఒక కుట్టుమిషను.
పన్నెండేళ్ళకి సొంత గోదాము.

తర్వాత పుస్తకాన్ని తలకిందులుగా తిప్పాలి.
కాన్సుల్ అయిన రోజు కొత్తది కొనలేదు మహానుభావుడు,
వెనక అట్ట నుంచి మొదలుపెట్టాడు.
జీతంలేని కొలువుకి కాగితం దండగనుకున్నాడో ఏమో.
గుమ్మం మీద రాజుగారి ముద్ర ఎక్కింది,
దానికయిన మేకుల ఖర్చు
ముందు వైపే, దుకాణం ఖాతాలో.

ఈ వైపు చచ్చిపోయినవాళ్ళ మూటలు:
"సిగుర్, పంతొమ్మిదేళ్ళు. చెంచా ఒకటి.
సగం అల్లిన మేజోడు, సూదులతో సహా.
తల్లికి పంపడమైనది."

పారిపోయినవాళ్ళ పట్టీ కూడా ఈ వైపే.
కెప్టెన్లు బల్ల గుద్ది పేర్లు చెబుతారు,
కాన్సుల్ గుండ్రంగా రాసుకుంటాడు,
కింద ఒకటే మాట:
"వెతకడమైనది. దొరకలేదు."
ఏడుసార్లు.

మా నాన్న బందరులో గుమాస్తా,
తేదీలు కలిపి చూడకుండా ఉండలేను.

మార్చి పద్నాలుగు, వెనక వైపు:
వంటకుర్రాడు, ఎడమ చెవి తెగినవాడు. దొరకలేదు.
మార్చి పద్నాలుగు, ముందు వైపు:
"బూట్లు ఒక జత, చిన్నవి. రొట్టె.
మైట్‌లాండ్ దాకా రైలు ఛార్జీ. అరువు."
ఎవరికో లేదు.
వసూలు గడిలో అడ్డగీత.

మిగతావీ చూశాను.
బూట్ల సైజులు మారాయి, అంతే.
చనిపోయిన మిత్రుడి పెళ్ళాం దగ్గర కూడా
అణా వడ్డీ వదలని మనిషి!

సాయంత్రం మా పై అధికారిణి వచ్చి
ఫారం నింపమంది.
"వర్తకమా, రాయబారమా? ఏ బీరువాలో పెడదాం?
రెండు వైపులకీ ఎక్కడైనా
సంబంధం కనిపించిందా?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.
కిటికీలోంచి బొగ్గు ఓడ ఒకటి
పొడుగ్గా కూత పెట్టింది.

వెతికానండీ, అన్నాను.
దొరకలేదు.