యాభై నాలుగు డిగ్రీల దగ్గర

పాత టేపుకు చెమట పడుతుంది.
నలభై ఏళ్లు డబ్బాలో పడుకుంటే దేనికైనా అంతే.
జిగురు పైకి తేలి, పొరకు పొర అంటుకుని,
అలాగే తిప్పితే పాట గోధుమరంగు పొడై రాలిపోతుంది.
అందుకే ముందు ఓవెన్లో పెట్టాలి,
యాభై నాలుగు డిగ్రీలు, ఎనిమిది గంటలు.
వడియాలు ఎండబెట్టినట్టే. కాకపోతే కాకుల భయం లేదు.
గ్రిమ్స్‌బీలో సీగల్స్ ఉన్నాయి గాని
వాటి ధ్యాసంతా చేపల మీద.

డబ్బా మీద నీలి పెన్సిల్ రాత:
టిన్ మెరిడియన్. చివరిది. ఫిబ్రవరి 1980.
'చివరిది' అన్న మాట ఎవరో కొట్టేశారు.
ఆ పైన ఎవరో మళ్లీ రాశారు.

ఈ రేవు పక్కనే, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో
పదకొండు వారాలు చేశారట ఆ రికార్డు.
నలుగురూ ఒక్క గదిలో కలిసింది లేదట.
పొద్దున డ్రమ్ముల రోలండ్ పాస్క్,
అతని సిగరెట్ పొగ ఆరాక బేస్ గిటారు నెరిస్ హాడో,
రాత్రి పదింటికి క్లెమ్ ఆరిక్;
పాడే ఆల్విన్ త్రేల్ వాన పడ్డ రోజుల్లోనే వచ్చేవాడు,
వచ్చినా కోటు విప్పేవాడు కాదు.
అభిమానులకు ఇదంతా కంఠతా.
ఎవరి పాట ఎవరు దొంగిలించారో
ఏ హోటల్లో ఏ అద్దం పగిలిందో
నాకన్నా వాళ్లకే బాగా తెలుసు.

ఆ గోడ దగ్గరికి ఇప్పటికీ వస్తారు.
ఒసాకా నుంచి ఒకతను. పెర్త్ నుంచి తల్లీ కూతుళ్లు.
ఇటుకల మీద పేర్లు రాస్తారు.
ఎదురుగా పొగబెట్టిన చేపలు అమ్మే మిసెస్ బ్లాంచర్డ్
సుద్దముక్క అద్దెకిస్తుంది, ఇరవై పెన్నీలు.
"పాటలా అవి? గోల" అంటుంది.
"మా ఆయన ఆ డ్రమ్ములాయనకి స్వెట్టరిచ్చాడు.
తిరిగి రాలేదు."

ఆఖరి పాట ఆఖర్న ఒక దెబ్బ.
ధబ్బుమని. అక్కడితో రికార్డు అయిపోతుంది.
ఆల్విన్ తలుపు విసిరికొట్టి వెళ్లిపోయిన చప్పుడని
లోకమంతా నమ్మింది.
కాపురాలు చెడినవాళ్లు ఆ దెబ్బ దగ్గరికే
ముల్లును మళ్లీ మళ్లీ తెచ్చి పెట్టుకున్నారు.
లీడ్స్‌లో ఒక పెద్దాయన తన అంత్యక్రియల్లో
అదొక్కటే వేయమని రాసి పోయాడు.

నిన్న రాత్రి ఓవెన్ చల్లారాక టేపు ఎక్కించాను.
కాచిన టేపు ఒకసారి పలుకుతుంది.
మళ్లీ పలుకుతుందని మాట ఇవ్వదు.
ఊపిరి బిగబట్టి మీట నొక్కాను.

పాట. పాట చివర. దెబ్బ.
రికార్డులో అక్కడ కత్తెర పడింది.
టేపులో పడలేదు.

ఏదో లోహం దొర్లుతూ, దొర్లుతూ, ఆగి,
"కాలలేదుగా?"
అది నెరిస్.
"లేదు. కెటిల్‌కే సొట్టపడింది."
ఆల్విన్. అదే గొంతు, పాట లేకుండా.
ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.
డ్రమ్ము మీద ఎవరో వేళ్లతో ఊరికే.
"రెండు చెంచాలేనా?"
"మూడు."
పంపు తిప్పిన చప్పుడు.

నలభై సెకన్లు. నలుగురు మనుషులు.

రాజీ అనుకోకండి.
ఆ వారంలోనే లాయరు నోటీసులు వెళ్లాయి,
వాటి నకళ్లు ఈ డబ్బా అడుగునే ఉన్నాయి.
టీ తాగినంత మాత్రాన కలిసిపోతారని నేనూ అనను.
మేమిద్దరమూ చివరిదాకా
ఒకే ఫిల్టర్ కాఫీ తాగాం.

లండన్ కంపెనీ పంపిన ఫారంలో ఒక గడి:
పాటకు సంబంధం లేని శబ్దాలు తొలగించారా?

కిటికీ అవతల, గోడ దగ్గర, ఒక కుర్రాడు.
చెవులకు హెడ్‌ఫోన్లు, కళ్లు మూసుకుని.
దెబ్బ వచ్చేస్తోందని తెలుస్తోంది,
వాడి భుజాలు ముందే బిగుసుకున్నాయి.
వాడి తలుపును కెటిల్ చేయడానికి నేనెవరిని
అనిపించింది ఒక నిమిషం.
తర్వాతి నిమిషం అనిపించలేదు.

ఫారం ఇంకా బల్ల మీదే ఉంది.
డబ్బా మూత మీద మాత్రం,
నీలి పెన్సిల్ దొరక్క నల్లదానితో,
'చివరిది' కింద రాశాను:
మూడు చెంచాలు.