అడిషనల్ షీటు

స్పాట్ వాల్యుయేషన్ మూడో రోజు. మహారాణిపేట.
కిటికీ తెరిస్తే ఉప్పుగాలికి పేపర్లు ఎగురుతాయి,
మూస్తే మనం ఉడుకుతాం.
కట్టకి నలభై. పేర్లుండవు, కోడు నంబర్లే.

పదమూడో ప్రశ్న అందరూ రాస్తారు:
పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా పడమటి విస్తరణను వివరింపుము.
కొన్న నేలకి రెండు మార్కులు, గెలిచిన నేలకి రెండు,
బంగారానికి ఒకటి, రైలుకి రెండు,
దేవుడే రాసిపెట్టాడన్న నమ్మకానికి మూడు.
గూడు బళ్ళని ఒకడు రాస్తాడు,
గుడారం బళ్ళని ఒకమ్మాయి,
"ఖాళీ నేల" అని మాత్రం అందరూ.

ఈ ఒక్కదానికి అడిషనల్ షీటు.
తెల్లదారం, రెండు ముళ్ళు.
కుడివైపుకి ఒరిగిపోతున్న నీలం అక్షరాలు:

"మ్యాపులో తెల్లగా వదిలేసిన చోట మనుషులున్నారు.
గీసినాయన గుర్రం దిగలేదంతే.
మా తాతకి ఆర్ కార్డుంది, ఊరు లేదు.
కూర్మన్నపాలెం గేటు దగ్గర బస్సు ఆగితే
నానమ్మ పొగగొట్టం వైపు చెయ్యి చూపించి
అదిగో, మన ములగచెట్టు అంటుంది.
జాతి కోసం ఇవ్వాలన్నారట అప్పుడు.
ఏ జాతికండీ బాబూ, అని అడిగాడట తాత.
వాళ్ళు పడమటికి నడిచి నడిచి
సముద్రం వచ్చాక ఆగారు.
మేం సముద్రం దగ్గరే మొదలయ్యాం.
విస్తరణ అనే మాట చదివినప్పుడల్లా
నాకు విస్తరి గుర్తొస్తుంది.
వేసింది ఎవరు, కూర్చుంది ఎవరు..."

అక్కడ టైము అయిపోయినట్టుంది.

చీఫ్ ఎగ్జామినరు బొడ్డేటి వరహాలరావు గారు
కళ్ళజోడు నుదుటికెత్తి చదివారు.
"బానే ఉందమ్మా. ఇందులో అమెరికా ఏదీ?"
టీ గ్లాసు కాగితం మీద పెట్టబోయి, పక్కన పెట్టారు.

కొమ్మాది దాటాక మాకు రెండు వందల గజాలున్నాయి.
తొమ్మిదేళ్ళ వాయిదాలు, ఇంకా రెండు మిగిలాయి.
జీడితోట ఉండేదట.
"ఖాళీ స్థలం మేడమ్, క్లియర్ టైటిల్" అన్నాడు బ్రోకరు.
మా ఆయన టేపు పట్టుకుని రాయి నుంచి రాయికి కొలుస్తుంటే
గట్టు మీద ఒక ముసలాయన, భుజాన తువ్వాలు,
లేవకుండా చూస్తూ కూర్చున్నాడు.
ఎవరో కనుక్కుందామనుకున్నాను.
ఎండగా ఉందని కారు దిగలేదు.

నాలుగు వేశాను.
కొట్టేసి ఎనిమిది వేశాను.
దిద్దినచోట పొట్టిసంతకం పెట్టాలి, రూలు.
పెట్టాను. నా సంతకం కూడా కుడివైపుకి ఒరిగింది.

తర్వాతి పేపరు.
"పడమటి దిక్కున విశాలమైన ఖాళీ నేల ఉండెను."
చక్కటి దస్తూరి. మార్జిను కూడా గీశాడు, స్కేలుతో.
ఎర్రపెన్ను ఆ మాట దగ్గరే ఆగింది,
సిరా చుక్క కాగితంలోకి ఇంకి
పక్కకి పాకుతోంది.