మూరెడు వెలుగు

మొన్నటి వానకు
నాగోల్ చౌరస్తా దాటినంక
ఎడమదిక్కు ఎనక టైరు కూసున్నది.
రాత్రి పదకొండున్నర.
వీధి దీపాలు అప్పటికే చేతులెత్తేసినయి.

ఫోన్ లైటేసి పండ్ల నడుమ కరిసి పట్టుకున్న.
నట్లు విప్పుతుంటే మెసేజి మీద మెసేజి,
నోట్లనే గుర్రుమన్నది.
ఆరు శాతం, నాలుగు, రెండు...
ఆఖరి నట్టు చేజారి నీళ్ళల్ల పడేదాక ఓపిక పట్టి
సరిగ్గా అప్పుడు కన్నుమూసింది.

మూడు నట్ల మీద ఇంటికొచ్చిన,
కుంటెద్దు బండి లెక్క ఊగుకుంట.

తెల్లారి ట్రూప్ బజార్ పోయిన.
ఖుద్దూస్ భాయ్ దుకాణం:
పైన ఫ్యాన్ రెక్కలు, కింద వైర్ల చుట్టలు, నడుమ ఆయన గడ్డం.
"మంచి టార్చి కావాలె" అని
పెట్టె మీద అన్నిటికంటె పెద్ద అంకె ఉన్నదానికి
వేలు చూపిచ్చిన.
వెలుగు కిలోమీటరు పోతదంట.

ఆయన నవ్వలే.
షట్టరు సగం గుంజి, లైట్లన్ని ఆర్పి
చీకట్లకెల్లి అడిగిండు:
"క్యా దేఖ్నా ఆప్‌కు?"

ఏం చూడాలె నేను?
కిలోమీటరు అవతల నాకెవరున్నరు?
ఉన్నా, టార్చి కొట్టి పిలుస్తనా?
నాకు కావాల్సింది మూరెడు దూరం.
నా చెయ్యి. నట్టు. నట్టు పడ్డ బురద.

ఆ మాటే చెప్పిన.
"తో ఫిర్" అనుకుంట
పెద్ద అంకె పెట్టెను అటక మీదికి తోసేసిండు.

ఆడికెల్లి అరగంట బడి.
కారుకని నెత్తికి కట్టుకునేది తీసిండు,
"నోట్లె బువ్వ పెట్టాలె సాబ్, లైటు కాదు."
చార్జింగుది నక్కో అన్నడు.
మే నెలల కిటికీలు మూసిన కారంటే తందూరు పొయ్యి,
లోపలి బ్యాటరీ పూరీ లెక్క ఉబ్బుతది.
మామూలు సెల్లులది చాలు. ఆ సెల్లులు గూడ
దాని కడుపుల పెట్టి మర్సిపోవద్దు,
కారి, స్ప్రింగుకు చిలుము పడ్తది.
పాత సాక్సుల చుట్టి పక్కన ఉంచు,
దసరాకొకసారి, ఉగాదికొకసారి మార్చు.

ఇంటికి వేరే.
గోడకు తగిలేసి చార్జింగు పెట్టేది, ఒక్కటే బటను.
మూడుసార్లు నొక్కితే మిణికేటివి,
అయిదుసార్లకు కూతపెట్టేటివి పక్కకు జరిపిండు.
"కరెంటు పోతే అకల్ గూడ ఆధా పోతది,
చీకట్ల లెక్కలు పెట్టొద్దు."
వెలుగు మరీ తెల్లగ వద్దన్నడు, రవ్వంత పసుపు.
మీటరు డబ్బల ఎర్ర వైరు
ఎర్రగనే కనపడాలె గద.

రెండు కలిపి తొమ్మిది వందల ఎనభై.
బేరం చేస్తే ముప్పై తగ్గిచ్చి
సెల్లులకని నలభై కలిపిండు.

ఇంట్ల పంచాయితి, యాడ పెట్టాలె అని.
నేను ఫ్రిజ్ మీదన్న.
శశిరేఖ లైట్లార్పి ముగ్గురిని మంచం మీదికెల్లి లేపి
"నడువుండ్రి" అన్నది.
నేను తలుపుకు తట్టుకున్న.
చైత్రిక పదకొండు అడుగులేసి
గోడ మీద చెయ్యి పెట్టింది.
ఆ చెయ్యి అందిన కాడ్నే మేకు కొట్టినం.
ఇప్పుడు మేం పెద్దోళ్ళం కొంచెం వొంగాలె.

పది రోజులకు ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
రెండో అంతస్తుకు మూడో అంతస్తుకు నడుమ
లిఫ్టుల ఫిలోమినా టీచర్ ఇరుక్కున్నది.
ఉరికిపోయి సందులకెల్లి లైటు కొట్టిన.
"మొఖం మీద కాదయ్యా, కండ్లు పోతున్నయి,
కిందికి కొట్టు, కిందికి!"
కిందికి కొట్టిన.
ఆమె కాళ్ళ కాడ గుడ్ల ట్రే.
వాచ్‌మన్ తాళం తెచ్చేదాక
ఆమె లోపల, నేను బయట
పసుపు వెలుగుల సొనలు చూసుకుంట లెక్కపెట్టినం.
ముప్పైల ఏడు పలిగినయి.

కారు టార్చి డిక్కిల ఉన్నది, సెల్లులు సాక్సుల ఉన్నయి.
నాలుగో నట్టు మాత్రం
ఇంక కొనలే.