అడ్డాకు దొన్నె

సాలూరు దాటి ఘాటీ ఎక్కుతుంటేనే
తవిటినాయుడు శపథం పట్టాడు:
"ఏది పెడితే అది తింటాను.
వద్దన్నవాడు మిగతావాళ్ల సంచులు మోయాలి."
రెహానా నవ్వబోయి
కిటికీలోంచి వాంతి చేసుకుంది.
సుంకి మలుపులవి. పందేలను పట్టించుకోవు.

పొట్టంగిలో దిగి నడక.
నలుగురం, మూడు నీళ్ల సీసాలు,
సాల్మన్ ఫోనులో పదకొండు శాతం ఛార్జింగు.
ఎండలో మరిచిపోయిన బెల్లంలా
వాలు పొడుగునా ఇప్పపూల వాసన.
చైత పరబు.
డోలు మోత ముందు వినిపించింది,
ఊరు చాలాసేపటికి గాని కనిపించలేదు.

పండగ పూజ అయ్యేదాకా
ఆ ఊళ్లో మామిడికాయ ఎవరూ కొరకరట.
చెట్టునిండా కాయలు,
కింద పిల్లలు, గుటకలు మింగుతూ.
నేనా,
సాలూరు బస్టాండులోనే ఉప్పూకారం అద్దిన ముక్కలు
రెండు పొట్లాలు ఖాళీ చేసి వచ్చాను.
నాలిక వెనక ఇంకా ఆ పులుపు
దొంగసొత్తులా.

మేం దిగిన ఇంటి పెద్దామె బుద్రి.
సంతలో నేర్చిన తెలుగు ఆమెది.
లెక్కలన్నీ వచ్చు, మర్యాదలు రావు.
"కూకో. తిను. అడగొద్దు."

మొదట సొరబుర్రలోంచి చోడి అంబలి,
రాత్రంతా పులిసింది, చల్లగా, మట్టిరంగులో.
ఆ మీదట జీలుగు కల్లు.
ఆ మీదట
అడ్డాకు దొన్నెలో ఎర్రగా, గరుకుగా,
ఇంకా కొంచెం కదులుతోందేమో అన్నట్టు
ఒక ముద్ద.

పొద్దున ఆమె మనవడు చెట్టెక్కి
ఆకులు కలిపి కుట్టుకున్న గూడు దింపడం చూశాం.
ఎర్రచీమలు, తెల్లటి గుడ్లతో సహా
ఉప్పూ పచ్చిమిరపా వెల్లుల్లీ వేసి
రాతిమీద నూరడం చూశాం.
వాడి చేతులనిండా కాట్లు.
వాడు వాటికేసి చూసుకోనైనా లేదు.

తవిటినాయుడు దొన్నెకేసి చూశాడు.
దొన్నె తవిటినాయుడికేసి చూసింది.
"నాకు శనివారం," అన్నాడు.
ఆ రోజు మంగళవారం.

నేను వేలికొసతో అద్దుకున్నాను.
గోంగూర కాదు. చింతచిగురూ కాదు.
నిమ్మకాయకి పళ్లుంటే అలా ఉంటుంది.
చెవుల దాకా పాకింది.
మూసుకున్న కళ్లు తెరిచేసరికి
రెహానా నా దొన్నె కూడా నాకేస్తోంది.

బదులుగా ఏదో ఒకటి పెట్టాలని
వాళ్ల పొయ్యిమీదే టీ కాచాం.
మా పాలపొడి, మా పంచదార.
గ్లాసు చేతికిస్తే ఆమె వాసన చూసింది.
"ఎవల పాలు?"
"ఆవువి."
"దూడ లేదా దానికి?"

ప్యాకెట్టు తిప్పి చూశాను.
కొవ్వు శాతం ఉంది. గడువు తేదీ ఉంది.
దూడ సంగతి ఎక్కడా లేదు.

ఆమె గ్లాసు పక్కన పెట్టింది,
మెల్లగా, ఎవరినీ నొప్పించకుండా,
అచ్చం నాయుడు దొన్నె జరిపినట్టే.
అప్పుడు వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని
ఎంత నవ్వారో,
మూలనున్న కోడి లేచి బయటికి పోయింది.

సాయంత్రం పూజ ముగిసి మొదటి కాయ తెగింది.
పిల్లలు విరుచుకుపడ్డారు.
ఎవరో నా చేతిలోనూ ఒక ముక్క పెట్టారు.
ఈ ఏటికి ఇదే మొదటిదన్నట్టు
మొహం పెట్టి తిన్నాను.
ఆ ఊళ్లో నేనాడిన అబద్ధం అదొక్కటే.

మర్నాడు నాయుడు
నాలుగు సంచులతో వాలు దిగాడు, మాట్లాడకుండా.
పై సంచీలో అడ్డాకు పొట్లం ఒకటి
అడుగంతా తడిసి, పులుపు వాసన వేస్తోంది.
ఎవరం అడగలేదు.

సుంకిలో బస్సాగితే నాలుగు టీలు చెప్పాం.
కాలరు మడతలో ఎక్కడ దాక్కుందో చీమ
అప్పుడు కుట్టింది, సరిగ్గా మెడ వెనక.
గోక్కుంటూ,
మీగడ ఓ పక్కకి ఊదుకుని
తాగాను.
బాగుంది.
గ్లాసు కింద పెట్టడానికే
కాస్త ఆలస్యమైంది.